భీమరేవు డివిజన్‌లో సెల్లు తెగులు

గేదె ఈనలేక అవస్థపడుతోంది. దూడ ముందుకాలు అడ్డం పడింది. డాక్టర్ గుబ్బల వీరభద్రం చొక్కా విప్పి, భుజందాకా సబ్బునురగ పట్టించుకుని, గేదె కడుపులో చెయ్యి పెట్టి ఆ కాలికోసం వెతుకుతుండగా ఆర్డీఓ ఆఫీసు జీపు వచ్చి పాక ముందు ఆగింది. డఫేదారు దిగి, డివిజన్‌లో వైరస్ ప్రబలిందనీ, సారు ఉన్నపళంగా రమ్మంటున్నారనీ చెప్పాడు. కోళ్ళకా, గొర్రెలకా అని అడిగాడు వీరభద్రం, చెయ్యి బయటికి తియ్యకుండానే. డఫేదారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సెల్‌ఫోన్లకండి."

వీరభద్రం దూడను క్షేమంగా బయటికి లాగి, దాని ముక్కు తుడిచి, తల్లి ముందు పడుకోబెట్టి, అప్పుడు జీపెక్కాడు. పశువుల డాక్టరుగా పదిహేనేళ్ళ నుంచీ ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి, ప్రభుత్వం పిలిచినప్పుడు ఎందుకని ఆలోచించడం దండగని ఆయనకు తెలుసు.

కెమెరా ఉన్న సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. భీమరేవులో అలాంటివి ఆఫీసర్ల చేతుల్లో మాత్రమే కనిపించేవి. బొమ్మలు తీస్తాయి, పాటలు పాడతాయి, పక్కవాడి ఫోనులోకి తీగ లేకుండానే సరుకు పంపిస్తాయి. మిగతా జనం దగ్గర ఉన్నవి చిన్న నలుపు తెలుపు ఫోన్లు. మాట్లాడటానికి పనికొస్తాయి, చీకట్లో దారి చూపిస్తాయి, కింద పడితే నేలకే దెబ్బ తగులుతుంది.

జరిగింది ఇదీ. సోమవారం అర్జీల రోజు. మొగపాలెం నుంచి వచ్చిన ఓ ముసలాయన మంచినీళ్ళ కొళాయి గురించి చెప్పుకుంటున్నాడు. ఆర్డీఓ చక్రధరరావు గారు వింటున్నట్టు తల ఊపుతూ బల్లకింద ఫోను చూసుకుంటున్నారు. చూస్తూ చూస్తూ కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఫోను తెరమీద ఉండాల్సిన బొమ్మలన్నీ పోయి వాటి స్థానంలో పుర్రెలున్నాయి. ఉత్తరం బొమ్మ ఉన్నచోట పుర్రె. గడియారం ఉన్నచోట పుర్రె. ఏది నొక్కినా పుర్రె పళ్ళికిలిస్తుందే తప్ప పని జరగదు.

మొదటి అనుమానం ముసలాయన మీదికి పోయింది. పక్కన కూర్చోబెట్టి, నీకు చేతబడి వచ్చా అని అడిగించారు. చేతబడి వస్తే కొళాయి కోసం ఇన్నేళ్ళు మీ ఆఫీసు చుట్టూ ఎందుకు తిరుగుతానండి అన్నాడాయన. ఆ వాదనలో బలం ఉందని ఎస్సై కూడా ఒప్పుకున్నాడు. సాయంత్రానికి ఎమ్మార్వో ఫోనులో పుర్రెలు వచ్చాయి. ఆ తర్వాత ఇరిగేషన్ డీఈ ఫోనులో, వ్యవసాయశాఖ ఏడీ ఫోనులో. బజార్లో సెల్లుల కొట్టువాడిని పిలిపించి చూపిస్తే, వాడు ఇది వైరస్ అన్నాడు. అలా అనేసి వాడి దారిన వాడు పోయాడు. ఆ మాట మాత్రం ఆఫీసులో ఉండిపోయింది.

ప్రభుత్వంలో వైరస్ అంటే ఆరోగ్యశాఖ. అంచేత ఫైలు ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఫైలు ఒడుపుగా పట్టుకుని, ఒడుపుగా వెనక్కి విసిరాడు. "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునదేమనగా, మానవులకు సోకు వ్యాధులు మాత్రమే ఈ శాఖ పరిధిలోనివి. మానవేతరములకు సోకు వైరస్ వ్యాధులు పశుసంవర్ధక శాఖ వారివి. కావున ఫైలు తగు చర్య నిమిత్తం వారికి పంపడమైనది." ఆ ఏడాదే ఎక్కడో కోళ్ళకు జబ్బు వచ్చిందంటే, భీమరేవులో ముందుజాగ్రత్త కసరత్తు చేసింది వీరభద్రమే. మూతపడిన ఓ కోళ్ళఫారాన్ని శుభ్రం చేయించి సిద్ధంగా కూడా ఉంచాడు. ఇక ఆయన తప్పించుకునే దారి లేకపోయింది.

మీటింగులో వీరభద్రం వినయంగా విన్నవించుకున్నాడు. ఇది జబ్బు కాదనీ, ఎవడో పనిలేనివాడు కూర్చుని రాసిన చిల్లర ప్రోగ్రామనీ, పోలికను బట్టి వైరస్ అంటారే తప్ప దానికి ప్రాణం లేదనీ చెప్పాడు. ఆర్డీఓ గారు ఓపిగ్గా విన్నారు.

"ప్రాణం లేదని మీరంటున్నారు. వ్యాపిస్తోందని నేనంటున్నాను. వ్యాపించేదాన్ని అదుపు చెయ్యడం మీ శాఖ విధి కదా, డాక్టరు గారూ."

వీరభద్రం మంచి డాక్టరు. ఏదైనా అప్పగిస్తే సగంలో వదిలే అలవాటు లేదు. మందలో గాలికుంటు వస్తే ఏ పశువుకు ముందు వచ్చింది, ఏ చెరువు దగ్గర కలిశాయి అని ఆరా తీసినట్టే, ఫోన్లున్న ఆఫీసర్లందరినీ విడివిడిగా కలిసి అడిగాడు. రెండు రోజుల్లో కథంతా బయటపడింది. ఆ వైరస్ దానంతటది ఎవరి ఫోనులోకీ దూరదు. వాకిట్లో నిలబడి, రానా వద్దా అని అడుగుతుంది. ఔనని నొక్కితే లోపలికొచ్చి, స్థిరపడనా అని అడుగుతుంది. దానికీ ఔనంటే, ఇది ఎవరిదో ఏమిటో తెలియదు, అయినా సరేనా అని హెచ్చరిస్తుంది. అప్పుడూ ఔనంటేనే పుర్రెలు. దొంగ ఇంత మర్యాదగా అడిగి దోచుకోవడం ఆయనెప్పుడూ చూడలేదు.

మరి ఇంతమంది ఎందుకు ఔనన్నారు? ఎమ్మార్వోను అడిగితే ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"తెరమీద ఆర్డీఓ గారి ఫోను నుంచి వస్తోందని చూపించిందండి. ఆయన దగ్గర్నుంచి వచ్చినదానికి వద్దని నొక్కమంటారా? నాకింకా సర్వీసుంది."

డీఈ కూడా అదే చెప్పాడు. ఏడీ గారైతే ఆ వచ్చిందేదో ప్రభుత్వ ఉత్తర్వనుకుని, ముందు ఔనని నొక్కి తర్వాత చదువుదామనుకున్నాడు. ఎమ్మార్వో ఫోను నుంచి ఆర్‌ఐకి వచ్చింది, ఆర్‌ఐ కూడా ఔనన్నాడు. తన ఫోనులో పుర్రెలు రాకముందు ఆర్‌ఐ ఫోను నుంచి ఓసారి వస్తే మాత్రం, డీఈ విసుక్కుని వద్దని నొక్కాడు. వీరభద్రం తన జీవితంలో ఎన్నో అంటువ్యాధులు చూశాడుగానీ, హోదాను బట్టి పైనుంచి కిందికే పాకి, కిందినుంచి పైకి పాకని వ్యాధిని చూడటం అదే మొదలు.

ఆ సంగతే నివేదికలో రాసి, తనే పట్టుకెళ్ళి ఆర్డీఓ గారికిచ్చాడు. ఆయన చదివి కళ్ళజోడు తీశారు.

"అంటే మొట్టమొదట ఔనన్నది నేనంటారు."

"ఎవరో ఒకరు అని ఉండాలి సార్. మీ ఫోనులోకి ఏదైనా కొత్తది తెచ్చుకున్నారేమో..."

తెచ్చుకున్నారు. ఊరికే వస్తోంది కదాని ఎవరో ఇస్తే ఓ సినిమా నటి బొమ్మల కట్ట తెచ్చుకున్నారు. ఆ సంగతి ఆయన చెప్పలేదు, వీరభద్రానికి అప్పటికి తెలియదు.

"డాక్టరు గారూ, డివిజన్ స్థాయి అధికారి ఎవరు ఏది ముందుకు తెచ్చినా చదవకుండా ఔనంటాడా?" అన్నారాయన. అంటూనే, పక్కన గుమాస్తా తిప్పుతున్న కాగితాల మీద ఒకదాని తర్వాత ఒకటి సంతకాలు పెడుతున్నారు. గుమాస్తా వేలు ఎక్కడ ఆనిస్తే పెన్ను అక్కడ ఆగుతోంది.

మర్నాడు ప్రొసీడింగ్స్ వచ్చాయి. సదరు వైరస్ గాలి ద్వారా వ్యాపించుచున్నదని నిర్ధారించడమైనదనీ, ఇందులో ఏ అధికారి ప్రమేయమూ లేదనీ, పశువైద్యాధికారి శ్రీ జి. వీరభద్రం గారిని నోడల్ అధికారిగా నియమించడమైనదనీ అందులో ఉంది. ఫోనులో మాట్లాడుకొను వ్యక్తులు ఒకరికొకరు కనీసం పది గజముల ఎడము పాటించవలెననేది మొదటి నిబంధన. అది డివిజన్ అంతటా నూటికి నూరుపాళ్ళు అమలైంది. వారం తిరక్కుండా ఇంతటి ఫలితం సాధించినందుకు ఆర్డీఓ గారిని జిల్లాలో మెచ్చుకున్నారు.

మెప్పు అక్కడితో ఆగితే బాగుండేది. రెండో నిబంధన ప్రకారం ఫోన్లకు గుడ్డ కట్టాలి. బజార్లో కుట్టుమిషను వాళ్ళకు చేతినిండా పని దొరికింది. జేబు రుమాలు చుట్టినవాళ్ళను ఆపి, అది రెండు పొరల గుడ్డేనా అని పోలీసులు అడగసాగారు. గుడ్డలోంచి మాట వినపడక జనం మరింత గట్టిగా అరిచి మాట్లాడుకున్నారు. అరుపులవల్ల గాలి ఎక్కువ కదులుతుందనే వాదన మీటింగులో వచ్చింది కానీ, దాన్ని వచ్చే మీటింగుకు వాయిదా వేశారు.

మూడో నిబంధన వచ్చేసరికి వీరభద్రానికి నవ్వు పోయింది. రోగం సోకిన ప్రాంతాన్ని గుర్తించి, అక్కడి ఫోన్లన్నిటినీ స్వాధీనం చేసుకుని, కోళ్ళఫారంలో వేరుగా ఉంచాలి. పుర్రెలు వచ్చిన ఫోన్లన్నీ ఆఫీసర్లవి. వాటిని పరిపాలనా అవసరముల దృష్ట్యా మినహాయించడమైనది. మరి ప్రాంతమేది? మొట్టమొదటి పుర్రె కనిపించిన క్షణంలో ఆర్డీఓ గారి ఎదుట ఉన్న మనిషిది మొగపాలెం. కాబట్టి మొగపాలెం.

వీరభద్రం పరుగున వెళ్ళాడు. మొగపాలెంలో ఉన్నవన్నీ చిన్న ఫోన్లనీ, వాటికి ఈ జబ్బు రమ్మన్నా రాదనీ, తీగ లేకుండా సరుకు అందుకునే ఏర్పాటే వాటిలో లేదనీ చెప్పాడు. ఒక్క ఫోనులోనైనా ఒక్క పుర్రె చూపించండి, నేనే గొయ్యి తీసి పాతిపెడతానన్నాడు.

"లక్షణాలు కనిపించవంటారు," అన్నారు ఆర్డీఓ గారు.

"ఏ లక్షణమూ లేదు సార్."

"అదే ప్రమాదకరమైన లక్షణం. మీ కోళ్ళ మీటింగులో మీరే చెప్పారు, పైకి బాగానే ఉండి లోపల రోగం మోసుకు తిరిగేవి ఉంటాయని."

ఆ మాట వీరభద్రం అన్న మాటే. కోళ్ళ గురించి అన్నాడు.

మొగపాలెం అంటే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్న పల్లె. మగవాళ్ళు పడవల మీద వేటకు వెళితే నాలుగైదు రోజులకుగానీ తిరిగిరారు. ఒడ్డుకు కనిపించీ కనిపించనంత దూరంలో ఉన్నంతవరకు ఫోను అందుతుంది. చేప పడిందా, రేవులో ధర ఎలా ఉంది, పిల్లాడికి జ్వరం తగ్గిందా అన్నీ ఫోనులోనే. వీరభద్రానికి ఆ పల్లెలో గడప గడపా తెలుసు, ఎందుకంటే గడప గడపకూ ఓ గేదె ఉంది.

పోలీసు జీపుతో వెళ్ళి ఇళ్ళముందు నిలబడితే ఆయనకు తల కొట్టేసినట్టయింది. మల్లాడి సత్యవతి గుమ్మంలో బుట్ట అల్లుకుంటోంది. చేపల వ్యాపారం చేస్తుంది, పల్లెలో ఆడవాళ్ళ తరపున మాట్లాడవలసి వస్తే ఆమే మాట్లాడుతుంది. మొగుడు పోతురాజు, మరుదులు ఆ ముందురోజే వేటకు వెళ్ళారు. వీరభద్రం చెప్పిందంతా విని ఆమె ఫోను తీసి చేతిలో పెట్టుకుని చూసింది.

"గేదెకి బాగోపోతే మీకు ఫోను చేసేదాన్నండి. ఇప్పుడు ఫోనికి బాగోలేదంటున్నారు. గేదెచేత కబురంపమంటారా?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. వీరభద్రం నవ్వలేకపోయాడు. మా మగోళ్ళు నీటిమీదున్నారు, ఇదొక్కటే మాకూ వాళ్ళకూ మధ్యనున్న తాడు అని ఆమె ఈసారి నెమ్మదిగా చెప్పింది. త్వరగా తిరిగిస్తానని ఆయన మాటిచ్చాడు. ఇస్తున్నప్పుడే ఆ మాట తన చేతిలో లేదని ఆయనకు తెలుసు. సత్యవతి తన ఫోనుకు జడలోంచి ఎర్ర రిబ్బను ముక్క తీసి గుర్తుగా కట్టి ఇచ్చింది. అది చూసి మిగతావాళ్ళు కూడా తలా ఒక గుర్తు కట్టారు.

కోళ్ళఫారంలో ఫోన్లు పెట్టడానికి గుడ్ల అట్టలు వాడారు. ఒక్కో గుంటలో ఒక్కో ఫోను నిలువుగా కుదురుకుంది. తలుపుకు తాళం వేసి, లక్క సీలు వేసి, ఓ కానిస్టేబుల్‌ను కాపలా పెట్టారు. ఫోన్లు ఆపేద్దామని ఎవరో అన్నారుగానీ, ఆపేస్తే పరిశీలనలో ఉండగా చనిపోయినట్టు లెక్క అవుతుందనీ, అప్పుడు నష్టపరిహారం సమస్య వస్తుందనీ ఆర్డీఓ ఆఫీసు అభ్యంతరం చెప్పింది. అంచేత అవి అలాగే బతికి ఉన్నాయి. మొదటి రెండు రోజులూ లోపల ఒకటే మోత. ఒకటి కూయడం మొదలుపెడితే మిగతావి అందుకునేవి. దారినపోయేవాళ్ళు ఫారం మళ్ళీ తెరిచారేమోననుకుని గుడ్లు కావాలని అడిగేవారు.

పరిశీలన ఎన్నాళ్ళనేది తేల్చడానికి కమిటీ వేశారు. కమిటీలో ఎవరుండాలనేది తేలలేదు.

వాయుగుండం సంగతి ఒక మధ్యాహ్నం తెలిసింది. బలపడి తుఫానుగా మారుతోందనీ, ఇటువైపే వస్తోందనీ, వేటకు వెళ్ళినవారు వెంటనే ఒడ్డు చేరాలనీ ఆర్డీఓ ఆఫీసుకు ఫ్యాక్సు వచ్చింది. ఆఫీసు చురుగ్గా కదిలింది. ఎమ్మార్వో మొగపాలెంలో దండోరా వేయించాడు. వేటకు వెళ్ళినవాళ్ళంతా వెనక్కి రావాలని, వేటకు వెళ్ళినవాళ్ళు లేని పల్లెలో, డప్పు కొట్టి మరీ చాటారు. ఆ తర్వాత, సముద్రములో ఉన్నవారు మినహా మిగిలిన మత్స్యకారులందరికీ హెచ్చరిక అందజేయడమైనదని పైకి తెలియజేశారు.

సత్యవతి ఆడవాళ్ళను వెంటేసుకుని పశువుల ఆసుపత్రికి వచ్చింది. గాలి అప్పటికే తిరిగింది. ఆసుపత్రి ముందున్న రేకు ఎగిరెగిరి పడుతోంది. ఊళ్ళో రూపాయి బిళ్ళ వేసే డబ్బాఫోను నుంచి చేద్దామంటే నంబర్లు నోటికి రావడంలేదనీ, అన్నీ ఆ ఫోన్లలోనే దాచుకున్నామనీ చెప్పింది. ఏడవడం లేదు. ఆమె వెనకాల ఓ నిండుచూలాలు మాత్రం గోడకానుకుని ఆకాశంకేసే చూస్తోంది.

వీరభద్రం ఆర్డీఓ గారికి ఫోను చేశాడు. ఫోను పలకలేదు. ఎమ్మార్వోకు చేశాడు, పలకలేదు. డీఈకి చేశాడు. పరిపాలనా అవసరముల దృష్ట్యా మినహాయించిన ఫోన్లన్నీ అప్పటికి పుర్రెలతో నిండిపోయి, ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేవు. ఆడవాళ్ళను కోళ్ళఫారం దగ్గరికి నడవమని చెప్పి, స్కూటరేసుకుని ఆఫీసుకు వెళ్తే, ఆర్డీఓ గారు తుఫాను సన్నద్ధత మీద జిల్లాకు వెళ్ళారన్నారు. సీలు తియ్యడానికి ఉత్తర్వు ఎవరివ్వాలని అడిగితే, కమిటీ ఇవ్వాలన్నారు.

కోళ్ళఫారం దగ్గరికి వెళ్ళేదారిలో వీరభద్రానికి చాలా ఆలోచనలు వచ్చాయి. తన ఉద్యోగం గురించి వచ్చింది. కూతురి కాలేజీ చదువు గురించి వచ్చింది. గేదె కడుపులో దూడ అడ్డం తిరిగినప్పుడు, కమిటీ కోసం ఆగితే తల్లీ ఉండదు, దూడా ఉండదు అన్న ఆలోచన కూడా వచ్చింది. ఫారం ముందు స్కూటరు ఆపేసరికి అదొక్కటే మిగిలింది.

కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు. ఆర్డర్స్ లేవన్నాడు. పాపం వాడి తప్పు లేదు.

"లోపలున్నది నా రోగులు," అన్నాడు వీరభద్రం. "డాక్టరు రోగిని చూడ్డానికి సీలు అడ్డమని ఎక్కడైనా రాసుంటే చూపించు."

కానిస్టేబుల్ ఆలోచించాడు. అలా ఎక్కడా రాసి ఉన్నట్టు అతనికి గుర్తు రాలేదు. అతను పక్కకు జరిగేలోపే వీరభద్రం రాయితో తాళం పగలగొట్టాడు.

ఆడవాళ్ళు గుడ్ల అట్టల మీద పడ్డారు. ఎర్ర రిబ్బను, పసుపు తాడు, పిల్లాడి కాలి మువ్వ, ఎవరి గుర్తు వాళ్ళకు దొరికింది. చిన్న ఫోన్లు కాబట్టి ఇన్నాళ్ళు పడున్నా చాలావాటిలో ఇంకా ప్రాణముంది. ఫారం గుమ్మంలో, దిబ్బమీద, కొబ్బరిచెట్ల మొదట్లో నిలబడి అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. కొందరికి అందింది. కొందరికి అందక, అందినవాళ్ళ చేత పక్కపడవకు కేకెయ్యమని చెప్పించారు. సత్యవతి ఒకసారి ప్రయత్నించింది, మళ్ళీ ప్రయత్నించింది. మూడోసారి అవతల పోతురాజు గొంతు వినపడింది.

"వలలు కోసేసి వచ్చెయ్యండి," అంది. అవతల ఏదో బేరం సాగింది. కొత్త వల, చేప కూడా బాగా పడింది అంటున్నట్టున్నాడు. "వల మళ్ళీ అల్లుకుందారి. నిన్నెక్కడ అల్లుకోను నేను? వచ్చెయ్యి," అని ఫోను పెట్టేసి, అప్పుడు కూర్చుండిపోయింది.

చీకటి పడేలోగా పడవలన్నీ మొగలోకి వచ్చేశాయి. ఆఖరి పడవ మాత్రం ఒడ్డు కనిపిస్తుండగా తిరగబడింది. అందులోవాళ్ళు ఈదుకుంటూ బయటపడ్డారుగానీ, పడవా ఇంజనూ పోయాయి. మేం వేటకు వెళ్ళిన మర్నాడే ఇంట్లో ఫోను తీసుకోకపోతే మధ్యాహ్నమే బయల్దేరేవాళ్ళం కదండీ అని ఆ పడవ యజమాని తర్వాత వీరభద్రాన్ని అడిగాడు. ఆ మాట ఆయన్ని చాలాకాలం వదల్లేదు.

తుఫాను వెలిసిన మర్నాడు మెమో వచ్చింది. వ్యాధి నిర్బంధంలో ఉన్న ఫోన్లను అనుమతి లేకుండా విడుదల చేసినందుకూ, ప్రభుత్వ తాళాన్ని ప్రైవేటు రాయితో పగలగొట్టినందుకూ చర్య ఎందుకు తీసుకోరాదో తెలపాలని దాని సారాంశం. వీరభద్రం జరిగింది జరిగినట్టు రాశాడు. ఈ తెగులు ఔనన్నవాడికే వస్తుందనీ, వద్దన్నవాడికి రాదనీ, దీనికి మందు చదివి నొక్కడమేననీ చివర్లో మళ్ళీ రాశాడు. భార్య చదివి, ఆ చివరి వాక్యం తీసెయ్యమంది. ఆయన తియ్యలేదు. ఆ రాత్రి ఇద్దరూ బదిలీ అయితే ఏ సామాను వదిలేసి వెళ్ళాలో మాట్లాడుకున్నారు.

బదిలీ రాలేదు. ఎందుకంటే ఈలోగా జిల్లాలో ఒక్క ప్రాణం కూడా పోని డివిజన్ భీమరేవేనని పైవాళ్ళకు తెలిసింది, అదెలా సాధ్యమైందని అడిగారు. ఆర్డీఓ గారు వెంటనే వీరభద్రానికిచ్చిన మెమో వెనక్కి తెప్పించుకున్నారు. తను పైకి పంపిన జవాబులో, తుఫాను రాకను ముందే ఊహించి, మొగపాలెంలోని ఫోన్లన్నిటినీ సేకరించి, గాలివానకు తడవకుండా పక్కా భవనములో భద్రపరచి, అవసరమైన క్షణమున లబ్ధిదారులకు పంపిణీ చేయడమైనదని ఉంది. కోళ్ళఫారానికి తుఫాను సమాచార కేంద్రమని పేరు పెట్టారు. గుడ్ల అట్టలను ప్రత్యేక పరికరములన్నారు. ఆగస్టు పదిహేనున ఆర్డీఓ గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. వీరభద్రం వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. కొట్టకపోతే బాగుండదని కొట్టాడు.

ఇక మిగిలింది వైరస్. ఫోన్లను వదిలేశాక కూడా మొగపాలెంలో ఒక్క పుర్రె కనిపించలేదు కాబట్టి, డాక్టరు గారు ఏదో వైద్యం చేసే ఉంటారని పైన నిర్ణయించారు. ఆర్డీఓ గారు వీరభద్రాన్ని పిలిచి, ఆయన మొదట రాసిన నివేదికను తిరిగిచ్చేశారు.

"ఇది చాలా నిజాయితీగా రాశారు. ప్రభుత్వానికి పనికొచ్చేలా రాయండి."

"ఉన్నది అదే సార్."

"అయితే మేమే రాసుకుంటాంలెండి," అన్నారాయన నొచ్చుకోకుండా.

వాళ్ళే రాసుకున్నారు. నెలలోపల రాజధాని నుంచి ఉత్తర్వులు దిగాయి. గాలి ద్వారా వ్యాపించు వైరస్ వ్యాధి నివారణకు మొగపాలెంలో ఇంటింటా టీకాలు వేయవలెననీ, అందుకు తగిన నిధులు మంజూరు చేయడమైనదనీ, ఏ టీకా అనేది నోడల్ అధికారి విచక్షణకు వదలడమైనదనీ అందులో ఉంది. ఏ ప్రాణికి వేయాలన్నది రాయడం మరిచిపోయారు.

వీరభద్రం ఆ కాగితాన్ని బల్లమీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. రెండు వర్షాకాలాల నుంచి ఆయన పశువులకు గాలికుంటు టీకాలు కావాలని పైకి రాస్తూనే ఉన్నాడు. నోట్లో పుళ్ళు, గిట్టల్లో పుళ్ళతో గేదెలు మేత మేయలేక, పాలు ఎండిపోయి నిలబడేవి. రాసిన ప్రతిసారీ నిధులు లేవని జవాబొచ్చేది. గాలికుంటు వైరస్ వ్యాధి. గాలి ద్వారా వ్యాపిస్తుంది. పేరులోనే గాలి ఉంది. ఉత్తర్వును ఆయన మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివాడు. ఒక్క అక్షరం కూడా అడ్డం రాలేదు.

వారంలో టీకాలు వచ్చాయి. మంచుపెట్టెలు స్కూటరు మీద పెట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. సత్యవతి గేదె తాడు పట్టుకుని నిలబడి, ఇది దేనికండీ అని అడిగింది. సెల్లు తెగులు రాకుండానన్నాడు ఆయన. ఆమె ఆయన మొహంలోకి చూసి, మరేమీ అడక్కుండా, అయితే దూడక్కూడా వేసెయ్యండి అంది.

మూడు నెలల తర్వాత రాజధాని నుంచి ఓ పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. ఇంటింటికీ వెళ్ళి, ప్రభుత్వ టీకా వేశారా అని అడిగారు. వేశారన్నారు. ఆ తర్వాత ఫోనుకు ఏమైనా జబ్బు చేసిందా అని అడిగారు. లేదన్నారు. ప్రతి ఇంట్లోనూ ఓ గ్లాసెడు పాలు ఇచ్చారు, వద్దంటే ఊరుకోలేదు. సాయంత్రం ఆయన కాస్త కునికిపాట్లు పడుతూ కారెక్కారు. తనిఖీ నివేదిక ప్రతి ఒకటి వీరభద్రానికి కూడా అందింది. టీకాలు సంపూర్ణ విజయం సాధించినవనీ, మొగపాలెంలో ఒక్క సెల్‌ఫోనుకు కూడా తెగులు సోకలేదనీ, ఈ పథకమును కోస్తా అంతటికీ విస్తరించవచ్చుననీ అందులో ఉంది. కింద మరో పేరా ఉంది. సదరు గ్రామములో ఇదే కాలములో పాల దిగుబడి అనుమతి లేకుండా పెరిగినట్లు గమనించడమైనది, దీనికి సంబంధిత పశువైద్యాధికారి వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను.